1804 నాటి యుద్ధనౌకలో డాక్టరు పని ఎలా ఉండేది? కథ కోసం వివరాలు కావాలి

తీరవాసి

నమస్కారమండి. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం రేవు ముందు బ్రిటిష్ నౌక సెంచూరియన్ మీద ఫ్రెంచి అడ్మిరల్ లినువా మూడు నౌకలతో దాడి చేశాడు కదా. దాని నేపథ్యంలో ఒక పెద్దకథ రాస్తున్నాను. ముఖ్యపాత్ర ఓడ డాక్టరు.

నాకు కావలసింది వీరగాథ కాదు, పని వివరం. యుద్ధం లేని రోజుల్లో ఆ డాక్టరు దగ్గరికి ఎలాంటి కేసులు వచ్చేవి? యుద్ధం రోజున ఎక్కడ కూర్చునేవాడు, కాలు తీయాల్సివస్తే ఏ వరసలో చేసేవాడు? మత్తుమందు ఉండేదా? స్కర్వీతో (తాజా పండ్లు, కూరలు లేక వచ్చే జబ్బు) పళ్లు ఊడిపోతున్న నావికుణ్ణి ఒకణ్ణి పెట్టాలనుకుంటున్నాను, ఆ కాలానికి, ఆ చోటికి అది నప్పుతుందా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

పాతదస్త్రం

ముందు ఒక లెక్క చూడండి. 1810లో బ్రిటిష్ నౌకాదళంలో చనిపోయినవాళ్లు 5,183 మంది అని చరిత్రకారులు లెక్క కట్టారు. అందులో రోగాలతో పోయినవాళ్లు 2,592. విడివిడి ప్రమాదాలతో 1,630. ఓడ మునగడం, తగలబడడం, పేలిపోవడం వల్ల 530. శత్రువు చేతిలో అక్కడికక్కడే 281, ఆ గాయాలతో తర్వాత మరో 150. యుద్ధం వాటా నూటికి తొమ్మిది కూడా లేదు. మీ డాక్టరు ఉద్యోగంలో లినువా నౌక మరెంగోతో పోరు ఒక్క పూట ముచ్చట, మిగతా ఏడాదంతా విరేచనాలూ జ్వరాలూ పుళ్లూ బెణుకులే.

రోజూ పొద్దున్నే రోగులు ఓడ ముందరి తెరచాప స్తంభం దగ్గరికి రావాలి. లాబ్లాలీ బాయ్ అని డాక్టరు కింద ఒక కుర్రాడు ఉండేవాడు, రోగులకు గంజి పోసేదీ బకెట్లు పారబోసేదీ వాడే. వాడు రోలు మోగించి పిలిస్తే చిన్న పుళ్లు, కురుపులు, దెబ్బలు ఉన్నవాళ్లు వచ్చి కట్లు కట్టించుకునేవాళ్లు. మంచం పట్టినవాళ్లను డాక్టరే వెళ్లి చూడాలి. తర్వాత రోగుల జాబితా రాసి కెప్టెన్‌కు ఇస్తాడు. ఆ జాబితాలో పేరుంటేనే పనికి సెలవు. వచ్చినవాడు నిజంగా రోగా, పని దొంగా అన్నది తేల్చేది డాక్టరే కాబట్టి అతని మీద అటు కెప్టెన్‌కూ ఇటు నావికులకూ కోపాలుండేవి. కథకు పనికొచ్చే కీలు ఇక్కడ ఉంది.

సెంచూరియన్ 50 ఫిరంగుల ఓడ. అంత ఓడలో సుమారు 350 మంది సిబ్బంది, ఒక సర్జను, అతనికింద ఒకరిద్దరు మేట్లు, అంటే సహాయకులు. 'అసిస్టెంట్ సర్జన్' అని మాత్రం రాయకండి, ఆ హోదా 1805లో వచ్చింది. సర్జన్ల జీతం, గౌరవం పెరిగిందీ అప్పుడే.

జబ్బులకు మూలం చాలావరకు ఓడ కట్టుబడిలోనే ఉంది. ఉయ్యాల పడకకు ఒక్కొక్కరికి కేటాయించిన వెడల్పు 14 అంగుళాలు. సగం మంది కాపలాలో ఉంటారు కాబట్టి పక్క చోటు కొంత ఖాళీ దొరికేదనుకోండి, అయినా రేవులో ఆగినప్పుడు అందరూ ఒకేసారి పడుకుంటారు. కింది డెక్కు ఎత్తు చాలా తక్కువ, దూలాలకు తల కొట్టుకోవడం నిత్యకృత్యం. నావికుల్లో మతి చలించినవాళ్లు ఎక్కువని గమనించిన గిల్బర్ట్ బ్లేన్ అనే నౌకాదళ వైద్యుడు దానికి తాగుడుతో పాటు ఈ తలదెబ్బలనూ కారణంగా చెప్పాడు.

ఇక హెర్నియా. దీన్ని ఎవరూ కథల్లో రాయరు గానీ ఓడ మీద అతి మామూలు వ్యవహారం. తెరచాప చుట్టేటప్పుడు నావికుడు అడ్డకొయ్య మీద పొట్ట ఆనించి, కాళ్లు కిందనున్న తాడు మీద పెట్టి, ముందుకు వంగి తడిసిన కాన్వాసును రెండు చేతులతో పైకి లాగాలి. పొట్టకు కొయ్య ఒత్తిడి, పైన బరువు. పీపాలు ఎత్తడం, లంగరు లాగడం సరేసరి. నౌకాదళం హెర్నియా బెల్టులు ఉచితంగా వేల సంఖ్యలో పంచింది. బెల్టు కట్టుకుని మళ్లీ అదే కొయ్య ఎక్కేవాళ్లు.

బలవంతంగా పట్టుకొచ్చిన కొత్తవాళ్లతో టైఫస్ జ్వరం ఓడెక్కేది. అది పేలతో వస్తుందని 1909 దాకా తెలియదు. కానీ కొత్తవాణ్ణి ముందు ఒళ్లు రుద్ది స్నానం చేయించి, జుట్టు కత్తిరించి, పాత బట్టలు తీసేసి కొత్తవి ఇస్తే జ్వరం రాదని అనుభవంతో పట్టుకున్నారు. ఎందుకు పనిచేస్తోందని అడిగితే మాత్రం మీ డాక్టరు 'చెడు గాలి' అనే చెప్పాలి. అతను సూక్ష్మజీవుల సంగతి ఎత్తితే కథ అక్కడే పోతుంది.

తూర్పు సముద్రాల్లో పనిచేసే ఓడలకు అన్నిటికంటే పెద్ద బెడద రక్తవిరేచనాలు, కాలేయం వాపు, విడిచి విడిచి వచ్చే జ్వరం. విశాఖలో ఓడ ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకునేది, ఒడ్డుకూ ఓడకూ మధ్య సామాన్లు, మనుషులు మసూలా పడవల్లో. ఎక్కడి నీళ్లు పీపాల్లోకి ఎక్కాయన్న దాన్నిబట్టి వారం తిరక్కుండా విరేచనాల జాబితా పొడుగయ్యేది. చికిత్సకు ఇపెకాక్ అనే వాంతి మందు, కాలమెల్ అనే పాదరసం మందు, నల్లమందు, నెత్తురు తీయడం. వీటిలో బాధ తగ్గించేది నల్లమందు ఒక్కటే, మిగతావి చాలాసార్లు ఒంట్లో నీళ్లు మరింత పోగొట్టేవి. జ్వరానికి సింకోనా చెక్క పొడి వైన్‌లో కలిపి ఇవ్వండి. క్వినైన్‌ను విడదీసింది 1820లో, కాబట్టి ఆ మాట రానివ్వకండి. పొడి అయితే చాలా ఎక్కువ మింగాలి, వాంతి చేసుకునేవాళ్లు, మందు పనిచేయలేదని ఆపేసేవాళ్లు.

కత్తి_గాటు

యుద్ధం రోజు సంగతి నేను రాస్తాను.

ఢంకా మోగగానే డాక్టరు ఆర్లాప్ అనే అట్టడుగు అంతస్తుకు దిగుతాడు. అది నీటిమట్టం కింద ఉంటుంది, గుండ్లు తగలవు. వెలుతురు, గాలి కూడా ఉండవు. లాంతర్లలో కొవ్వొత్తులే దిక్కు. కుర్ర అధికారుల పెట్టెలు దగ్గరికి జరిపి పైన తెరచాప గుడ్డ పరిస్తే అదే బల్ల. పక్కన నీళ్ల తొట్టెలు, ఖాళీ తొట్టెలు, చుట్టి ఉంచిన కట్టుగుడ్డలు, పీచుగుడ్డ, మైనం పూసిన దారాలు, స్పాంజీలు, వైన్. గాయపడ్డవాళ్లను దించిన వరసలోనే చూడాలన్నది వాడుక, అధికారి వచ్చినా వరస మారకూడదు. (నెత్తురు మీద జారకుండా డెక్కు మీద ఇసుక చల్లుతారు. అది పైన, ఫిరంగుల దగ్గర. డాక్టరు గదిలో కాదు.)

గాయాల్లో సగం కథ గుండుది కాదు, కొయ్యది. గుండు ఓడ పక్కగోడను చీల్చినప్పుడు లోపలివైపు ఓకు చెక్క పేళ్లు ఈటెల్లా లేస్తాయి. పేడు ఒంట్లో దిగేటప్పుడు చొక్కా ముక్కను కూడా వెంట లాక్కుపోతుంది. ఆ ముక్క మిగిలితే చీము ఖాయం. అందుకే ఇనుప పుల్ల కంటే వేలితో వెతకడమే మంచిదని ఆనాటి మంచి సర్జన్లు చెప్పేవాళ్లు. వేలికి గుడ్డ, ఎముక, చెక్క తేడా తెలుస్తుంది.

సొంత ఫిరంగితోనే అయ్యే గాయాలు మరచిపోకండి. 24 పౌండ్ల గుండు పేల్చే ఫిరంగి రెండున్నర టన్నుల బరువు. పేలగానే వెనక్కి దూకుతుంది, లావుపాటి తాడు దాన్ని పట్టి ఆపుతుంది. వెనక నిలబడ్డవాడి పాదం నలుగుతుంది, తాడు తెగితే ఇంకా ఘోరం. తడి స్పాంజీతో గొట్టం సరిగ్గా తుడవకుండా తరువాతి తుపాకిమందు సంచి దోపితే లోపలి నిప్పురవ్వకు అది ముందే అంటుకుని, దోపేవాడి చేతులు, మొహం కాలిపోతాయి. కాలినచోట అవిసె నూనె, సున్నపుతేట కలిపి పూసేవాళ్లు.

కాలు తీయడం:

తొడ పైభాగంలో, లోపలివైపు రక్తనాళం మీద మెత్త పెట్టి, మర తిప్పి బిగించే పట్టీ (టార్నికేట్) వేస్తారు. ఒకడు రోగి భుజాలు, ఇంకొకడు మంచి కాలు, మూడోవాడు తీసేయబోయే కాలు పట్టుకుంటారు. సహాయకుడు తొడ చర్మాన్ని రెండు చేతులతో పైకి లాగి పట్టాలి. సర్జను కత్తిని కాలి కిందుగా తిప్పి చుట్టూ ఒకే ఊపులో చర్మం, కొవ్వు కోస్తాడు. చర్మం పైకి జరిగాక, ఆ అంచు దగ్గర, అంటే మొదటి కోత కంటే పైన, ఎముక దాకా కండ కోస్తాడు. చివర్లు చీల్చిన గుడ్డపట్టీని ఎముకకు అటూ ఇటూ దూర్చి కండనంతా ఇంకా పైకి లాగితే ఎముక మీద రంపం పెట్టేచోటు మరింత పైన దొరుకుతుంది. ఇన్ని మెట్లు ఎందుకంటే చివరికి ఎముక లోపలికి ఉండి కండా చర్మమూ దాని మీద మూసుకోవాలి. ఒక్క ఊపులో అన్నీ సమానంగా కోసేస్తే కొన్నాళ్లకు కండ ముడుచుకుని ఎముక మొన తేలుతుంది, కొయ్యకాలు తగిలించడానికి కుదరదు.

రంపం మొదట మెల్లగా వెనక్కి లాగి గాడి పెట్టుకోవాలి, తర్వాత పొడవాటి కోతలు, చివర మళ్లీ మెల్లగా. ఇక్కడ పని చెడేది కాలు పట్టుకున్నవాడి వల్ల. వాడు కాలు పైకెత్తితే రంపం ఇరుక్కుంటుంది, కిందికి వదిలేస్తే ఆఖరి పెచ్చు తెగకుండా విరిగి ఎముక మొన మిగులుతుంది. ఆ మొనను పటకారుతో కొరికి తీయాలి.

తర్వాత పెద్ద రక్తనాళాన్ని కొక్కెంతో బయటికి లాగి దారంతో కడతారు. పట్టీ కాస్త వదులు చేస్తే చిన్న నాళాలు ఎక్కడున్నాయో చిమ్మి చూపిస్తాయి, వాటినీ కడతారు. దారం ఒక కొస కత్తిరించి రెండో కొసను గాయం బయటికి వేలాడనిస్తారు. చర్మం దగ్గరికి తెచ్చి జిగురుపట్టీలు అంటించి, పీచుగుడ్డ, పైన ఉన్ని టోపీ లాంటిది. చేయి తిరిగినవాడికి కోత, రంపం కలిసి నిమిషాల పని, నాళాలు కట్టడమే ఆలస్యం.

మత్తు లేదు. ఈథర్ 1846లో, క్లోరోఫాం 1847లో. 1804లో రమ్ము, లాడనం అనే నల్లమందు చుక్కలు, పళ్ల మధ్య తోలుముక్క. చల్లటి కత్తి ఒంటికి తగలడం బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్‌కు ఎంత బాధ అనిపించిందంటే, 1797లో చేయి పోగొట్టుకున్నాక తన ఓడల్లో కత్తులు వెచ్చబెట్టాలన్నాడని చెబుతారు. కత్తిని సూక్ష్మజీవుల కోసం మరగబెట్టడం మాత్రం ఇంకా అరవై ఏళ్ల పైమాట.

తీరవాసి

చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలు. వేలాడే దారం కొస సంగతి కొత్తగా విన్నాను. అది ఎప్పుడు తీసేవాళ్లు? కాలు పోయినవాడికి తర్వాత పది పదిహేను రోజుల్లో ఏమేం జరగవచ్చు?

కత్తి_గాటు

దారం కట్టినచోట నాళం చివర కుళ్లి తెగితేనే దారం ఊడుతుంది. వారం దాటాక రోజూ కట్టు మార్చేటప్పుడు మెల్లగా లాగి చూస్తారు. మామూలుగా రెండు మూడు వారాల్లో వచ్చేస్తుంది. ముందే గట్టిగా లాగితే నాళం తెరుచుకుని రెండోసారి రక్తస్రావం మొదలవుతుంది, రాత్రిపూట అయితే ఎవరూ చూడకుండానే మనిషి పోతాడు. అందుకే మిగిలిన మొండికాలి మీద టార్నికేట్ వదులుగా తొడిగే ఉంచి, బిగించడం తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టేవాళ్లు. దారంలో నరం కూడా పడితే అది ఊడదు, విపరీతమైన నొప్పి. నెల్సన్ చేతిలో ఒక దారం జులై నుంచి డిసెంబరు దాకా ఉండిపోయింది.

వేడి దేశాల్లో ఇంకో భయం ధనుర్వాతం. గాయం బాగానే మానుతున్నట్టు కనిపిస్తుండగా, వారం పది రోజులకు దవడ బిగుస్తుంది. నల్లమందు ఇవ్వడం తప్ప చేయగలిగింది లేదు. మీ కథలో ఒక మరణం కావాలనుకుంటే బల్ల మీద చావు కంటే ఇది నిజానికి దగ్గర.

నిమ్మచెట్టు

స్కర్వీ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. సూటిగా చెప్పాలంటే 1804లో, విశాఖ రేవులో, పళ్లు ఊడే స్కర్వీ నప్పదు.

డాక్టర్ జేమ్స్ లిండ్ 1747లో సాలిస్‌బరీ అనే ఓడలో 12 మంది రోగులను రెండేసి చొప్పున ఆరు జట్లు చేసి, నారింజ, నిమ్మ తిన్న జంట తొందరగా కోలుకుందని చూపించాడు. అధికారులు కదలడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 1794లో సఫోక్ అనే ఓడ ఇంగ్లండు నుంచి మద్రాసుకు మధ్యలో ఎక్కడా ఒడ్డు తాకకుండా వచ్చింది. మనిషికి రోజుకు ఔన్సులో మూడింట రెండు వంతుల నిమ్మరసం, రెండు ఔన్సుల పంచదార, రమ్ములో కలిపి ఇచ్చారు. స్కర్వీ తలెత్తినవాళ్లకు మోతాదు పెంచితే తగ్గిపోయింది. మరుసటి ఏడాది నుంచి నౌకాదళమంతా నిమ్మరసం మొదలైంది. ఆ సఫోక్‌ను నడిపించిన పీటర్ రేనియరే 1804లో ఈ సముద్రాల బ్రిటిష్ నౌకాదళానికి అధిపతి, సెంచూరియన్ కూడా అతని కిందదే. అలాంటి మనిషి దళంలో నిమ్మరసం లేదని రాస్తే తెలిసిన పాఠకుడు ఒప్పుకోడు. పైగా ఇక్కడి ఒడ్డున పండూ కూరా దొరుకుతాయి.

మోతాదు ఎంత అంచు మీద ఉందో చూడండి. అది 19 మిల్లీలీటర్ల రసం. తాజాగా ఉంటే అందులో సి విటమిన్ సుమారు 8 మిల్లీగ్రాములు. స్కర్వీ రాకుండా ఆపడానికి రోజుకు 10 చాలు. మిగతా కాస్త ఉల్లిపాయలతోనో బంగాళాదుంపలతోనో భర్తీ కావాలి. రసాన్ని కాచి చిక్కబెడితే నిల్వ ఉంటుంది గానీ విటమిన్ పోతుంది. లిండ్ సలహా ఇచ్చిన పాకం ఇలాగే దెబ్బతింది. రాగి పాత్ర తగిలినా నష్టమే. అందుకే పచ్చిరసంలోనే కొంచెం బ్రాందీ కలిపి, గాలి తగలకుండా పైన ఆలివ్ నూనె పోసి నిల్వ చేసేవాళ్లు.

స్కర్వీ రాయాలనే ఉంటే 1875కు వెళ్లండి. 1860ల్లో మధ్యధరా ప్రాంతపు పెద్ద పసుపు నిమ్మను మాని వెస్టిండీస్ చిన్న పచ్చనిమ్మ రసానికి మారారు. అందులో విటమిన్ బాగా తక్కువ. ఆవిరి ఓడల కాలం, ప్రయాణాలు చిన్నవి, ఎవరూ గమనించలేదు. 1875-76లో నేర్స్ నాయకత్వంలో ఉత్తర ధ్రువం వైపు వెళ్లిన అలర్ట్, డిస్కవరీ ఓడల సిబ్బంది మంచు మీద బండ్లు లాగుతూ స్కర్వీతో కూలబడ్డారు.

ఇంకో సంగతి. 1804లో విశాఖలో సెంచూరియన్‌ను నడిపింది కెప్టెన్ జేమ్స్ లిండ్. డాక్టర్ లిండ్ వేరు, ఆయన 1794లోనే పోయాడు. పాఠకులు కలిపేసుకోకుండా చూసుకోండి.

దంపుడుబియ్యం

నిమ్మచెట్టు గారు చెప్పింది సరే. అయితే తిండి లోపపు జబ్బు ఒకటి కథలో ఉండాలంటే మన తీరానికి సొంతమైనదే ఉంది: బెరిబెరి. ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా, ఈ జబ్బుకు ఆనాటి మద్రాసు వైద్యుల రాతల్లో పేరుపడ్డాయి. మాల్కమ్‌సన్ అనే మద్రాసు సర్జను 1835లో దీని మీదే ఒక వ్యాసం ప్రచురించాడు. కాళ్లు మొద్దుబారడం, పిక్కలు పట్టి చూస్తే నొప్పి, పాదాలు ఉబ్బడం, చివరికి గుండె. తమిళనాట తక్కువ, మన దగ్గర ఎక్కువ ఎందుకన్నది 1920ల్లో కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడి పరిశోధనలతో స్పష్టపడింది. అక్కడ ఉప్పుడు బియ్యం, వడ్లు ఉడికించినప్పుడే పైపొర విటమిన్ గింజలోకి ఇంకుతుంది. మనవాళ్లు తినేది పచ్చి బియ్యం, తెల్లగా పాలిష్ పట్టిస్తే తౌడుతో పాటు విటమిన్ పోతుంది, గంజి వారిస్తే మిగిలిందీ పోతుంది.

యుద్ధనౌకలో దీని అసలు కథ జపానుది. 1882 చివర్లో ర్యూజో అనే శిక్షణ నౌక న్యూజిలాండ్, దక్షిణ అమెరికా మీదుగా వెళ్లి తిరిగొచ్చింది. 376 మందిలో 169 మందికి బెరిబెరి, 25 మంది చనిపోయారు. తిండి ఖర్చు నావికుల చేతికి డబ్బుగా ఇచ్చేవాళ్లు, వాళ్లు కూరలకు పెట్టకుండా మిగుల్చుకుని తెల్లన్నంతో సరిపెట్టుకునేవాళ్లు. అధికారులకు జబ్బు తక్కువ. లండన్‌లో చదివొచ్చిన నౌకాదళ వైద్యుడు తకాకి కానెహిరో 1884లో త్సుకుబా అనే ఓడను అదే దారిలో పంపించి మాంసం, పాలు, రొట్టె, బార్లీ పెట్టించాడు. పట్టుమని ఇరవై మందికి కూడా రాలేదు, ఒక్కరూ చావలేదు. వచ్చినవాళ్లలో చాలామంది కొత్త తిండి ముట్టనివాళ్లే. మాంసకృత్తుల లోపమే కారణమని తకాకి అనుకున్నాడు. ఆ కారణం తప్పు, చికిత్స సరైనది. రొట్టె నావికులకు నచ్చకపోవడంతో 1885 నుంచి బియ్యంలో బార్లీ కలిపారు.

మీ 1804 కథలో తెల్ల నావికుడికి బెరిబెరి పెట్టకండి, వాళ్ల తిండి బిస్కెట్లు, ఉప్పు మాంసం, బఠాణీలు. ఒడ్డున ఉన్న సిపాయికి పెట్టవచ్చు, డాక్టరు చూసి తికమకపడవచ్చు.

పాతదస్త్రం

కాలు పోయినవాడి గురించి ఒకటి చేర్చాలి. అతని భవిష్యత్తు అంతా డాక్టరు కలం మీద ఉంటుంది. ఓడ మీద విధుల్లో ఉండగా ఎప్పుడు, ఎక్కడ, ఎలా గాయపడ్డాడో రాసి సర్జను, కెప్టెన్ సంతకం పెట్టిన గాయం సర్టిఫికెట్ ఉంటేనే నావికుల నిధి నుంచి డబ్బు వస్తుంది. ఆ నిధికి ప్రతి నావికుడి జీతంలో నెలకు ఆరు పెన్నీలు కోసుకునేవాళ్లు. గ్రీనిచ్ ఆసుపత్రి పింఛనుదారులకు ఓడ వంటవాడి ఉద్యోగం ఇవ్వడం కూడా వాడుక, అందుకే ఒంటికాలి వంటవాళ్లు అంతమంది. తాగి పడి విరగ్గొట్టుకున్నాడా, పనిలో పడ్డాడా అన్న దగ్గర డాక్టరు ఏం రాస్తాడన్నది మీరు తేల్చుకోండి. పోరు ముగిశాక ఆర్లాప్ కడిగించి, అతను మొదట చేయాల్సిన పని ఆ కాగితాలే.